స్కాన్ నార్మల్, తలనొప్పి మాత్రం తగ్గలేదు: వీడియో కాల్‌లో వ్యాయామం చేయించొచ్చా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం, ఇల్లు గుంటూరు. నెల కిందట క్రికెట్‌లో క్యాచ్ కోసం పరిగెత్తి ఇంకో అబ్బాయి తలకి తల గుద్దుకున్నాడు. కాసేపు ఎక్కడున్నాడో తెలియలేదు, ఒకసారి వాంతి అయింది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు, కన్‌కషన్ (తల దెబ్బకి మెదడు కుదుపుకి గురవడం) అంతే, రెస్ట్ ఇవ్వండి అని పంపేశారు. అప్పటి నుంచి కర్టెన్లు వేసిన గదిలో పడుకునే ఉన్నాడు. పది నిమిషాలు పుస్తకం పడితే తలనొప్పి, మెట్లెక్కితే తల దిమ్ము. ఇప్పుడు ఒక ఫిజియోథెరపిస్టు వీడియో కాల్‌లో వ్యాయామం చేయిస్తానంటున్నారు. తలకి దెబ్బ తగిలినవాణ్ణి కదిలించడమేంటి, అదీ ఫోన్‌లోనా అని మీ భయం. మీ అత్తగారు కూడా అదే అంటున్నారన్నారు.

నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని, పద్నాలుగేళ్లుగా ఇదే పని. ఆటల్లో, బైకుల మీద పడి తలకి దెబ్బ తగిలించుకున్న పిల్లలు నా దగ్గరికి బాగానే వస్తుంటారు. సూటిగా చెప్తాను. వ్యాయామం చేయించొచ్చు, ఫోన్‌లో కూడా చేయించొచ్చు. కాకపోతే మొదటి పరీక్ష మాత్రం మనిషి ఎదురుగా జరగాలి. ఆ తర్వాత కూడా, పిల్లాడి పల్స్ ఎంతో అడక్కుండా “రోజూ అరగంట నడిపించండి” అనేవాళ్లని పక్కన పెట్టండి.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడుతున్నా, రెండు కంటిపాపలు ఒకే సైజులో లేకపోయినా, లేపితే లేవనంత మత్తుగా ఉన్నా నేను రాసిందేదీ చదవొద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు కాబట్టి మిగతాది చెప్తున్నాను.

స్కాన్ నార్మల్ అంటే మెదడులో రక్తం గడ్డకట్టలేదు, ఎముక విరగలేదు అని. అది మంచి కబురే. కానీ కన్‌కషన్ స్కాన్‌కి దొరికే రకం దెబ్బ కాదు. ఆ కుదుపుకి మెదడు పనిచేసే తీరు కొన్నాళ్లు గాడి తప్పుతుంది. ముఖ్యంగా మనం ఆలోచించకుండానే గుండె వేగాన్నీ, ఊపిరినీ, తలలోకి వెళ్లే రక్తాన్నీ సర్దుతూ ఉండే ఆటోమేటిక్ వ్యవస్థ ఒకటుంది, అది తడబడుతుంది. మామూలుగా మెట్లెక్కితే శరీరానికి ఎంత కావాలో అంతే ఊపిరి తీసుకుంటాం. కన్‌కషన్ తర్వాత కొందరిలో ఆ లెక్క తప్పి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ కాస్త ఎక్కువ నిలుస్తుంది, దాంతో తలలోకి రక్తం అవసరానికి మించి ఉరుకుతుంది. మెట్లెక్కితే మీవాడికి తల దిమ్మెక్కడం నాటకం కాదు, బద్ధకమూ కాదు. ఈ మాట మీవారికి చదివి వినిపించండి. “చదువు ఎగ్గొట్టడానికే” అంటున్నారని రాశారుగా.

ఇప్పుడు రెస్ట్ సంగతి. పూర్వం మేం కూడా చీకటి గది, మంచం, పుస్తకం వద్దు, ఫోన్ వద్దు అనే చెప్పేవాళ్లం. 2015లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఈ పద్ధతిని పరీక్షించారు. దెబ్బ తగిలిన పిల్లల్లో కొందరికి ఐదు రోజులు గట్టి విశ్రాంతి ఇచ్చారు, కొందరికి ఒకటి రెండు రోజులే. ఐదు రోజులు పడుకున్నవాళ్లే ఎక్కువ బాధలు చెప్పారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచం నలుమూలల నిపుణులు కూర్చుని రాసిన ఒప్పంద పత్రం కూడా మొదటి 24 నుంచి 48 గంటలు మాత్రమే విశ్రాంతి అంటుంది. అది కూడా పూర్తి పడక కాదు, ఇంట్లో తిరుగుతూ తేలిక పనులు చేసుకుంటూ. స్క్రీన్ కూడా ఆ మొదటి 48 గంటల్లో తగ్గించాలి. తర్వాత మెల్లగా కదలాలి.

మీవాడు నెల రోజులు పడుకున్నాడు. ఆటగాడైన పదహారేళ్ల పిల్లాణ్ణి, ఏ దెబ్బా తగలనివాణ్ణి, నెల రోజులు చీకటి గదిలో పెట్టి చూడండి. వాడికీ తలనొప్పి వస్తుంది, నిద్ర పాడవుతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, చిరాకు పడతాడు. ఇప్పుడు మీవాడి బాధలో దెబ్బ వాటా ఎంత, మంచం వాటా ఎంత అని విడదీయడం కష్టం. మీ తప్పేం లేదు, చెప్పినట్టే చేశారు.

ఈ వ్యాయామం ఆలోచన అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో జాన్ లెడ్డీ, బ్యారీ విల్లర్ అనే ఇద్దరి దగ్గర గట్టిపడింది. వాళ్ల పద్ధతి సులువైనది. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ నిమిషానికి ఒక శాతం చొప్పున దాని వాలు పెంచుతారు. ప్రతి నిమిషం పల్స్ చూస్తారు, తల ఎలా ఉందో 0 నుంచి 10లో ఒక అంకె అడుగుతారు. బాధ పెరగడం మొదలైన చోట ఆపేస్తారు. అప్పటి పల్స్ ఎంతుందో అది ఆ పిల్లాడి హద్దు. ఉదాహరణకి 138 దగ్గర తలనొప్పి లేచిందనుకోండి, అందులో 80 నుంచి 90 శాతం, అంటే 110 నుంచి 124 మధ్య, రోజూ 20 నిమిషాలు. అంతే మందు. హద్దు దాటకుండా, హద్దుకి దగ్గరగా. పది రోజులకో వారానికో హద్దు కొంచెం పైకి జరుగుతుంది, మనమూ జరుగుతాం.

2019లో వాళ్లు 103 మంది టీనేజ్ ఆటగాళ్లని రెండు గుంపులు చేసి చూశారు. ఇలా పల్స్ లెక్కతో ఏరోబిక్ వ్యాయామం చేసినవాళ్లు మధ్యస్థంగా 13 రోజుల్లో కోలుకుంటే, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకి 17 రోజులు పట్టింది. 2021లో 118 మందితో మళ్లీ చేస్తే, నెల దాటి బాధలు మిగిలిపోయే ముప్పు 48 శాతం తగ్గింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. వాళ్లంతా దెబ్బ తగిలిన పది రోజుల లోపు మొదలుపెట్టినవాళ్లు. మీవాడు ఆ గడువు దాటాడు. కానీ 2017లో సిన్సినాటిలో నెల నుంచి నాలుగు నెలల దాకా బాధపడుతున్న 30 మంది పిల్లల మీద చేసిన చిన్న పరిశోధన ఉంది. ఇంట్లోనే సైకిల్ తొక్కించారు. వాళ్లకీ సాగదీత గుంపు కన్నా మెరుగ్గా తగ్గింది. కాబట్టి రైలు వెళ్లిపోలేదు.

ఇక మీ అసలు ప్రశ్న, ఫోన్‌లోనా అని. గుంటూరు నుంచి నా క్లినిక్‌కి వచ్చే పిల్లల్ని చూశాకే నేను ఫోన్ వైపు మళ్లాను. కాజా టోల్ గేటు, మంగళగిరి, వారధి, తర్వాత బెంజ్ సర్కిల్ హారన్లు. ఆరోగ్యంగా ఉన్న నాకే ఆ దారి తల పట్టేస్తుంది. కన్‌కషన్ ఉన్న పిల్లాడు ఇంట్లో 2 అనే అంకెతో బయలుదేరి నా బల్ల దగ్గరికి వచ్చేసరికి 6 అంటాడు. ఆ 6 మీద నేనేం పరీక్ష చేస్తాను? ఇంటికి వెళ్లేసరికి సాయంత్రమంతా వాంతి వచ్చేట్టు ఉంటుంది. తల్లి నాకు ఫోన్ చేసి “మీ వ్యాయామం పడలేదండీ” అంటుంది. పడనిది కారు ప్రయాణం. వారానికి రెండుసార్లు ఆ శిక్ష వేయడం కన్నా వాడి డాబా మీద వాణ్ణి నడిపించడం మేలు. సియాటిల్‌లో సారా క్రిస్మన్ బృందం కూడా ఇదే దారిలో, చేతికి కట్టే ట్రాకర్, ఇంట్లో వ్యాయామం, వీడియో కాల్‌లో పర్యవేక్షణ అనే పద్ధతి మీద పనిచేస్తోంది.

పైగా ఈ చికిత్సలో నా చేతులకి పెద్దగా పని లేదు. కావల్సింది పల్స్ అంకె, నిజాయితీగా చెప్పే తలనొప్పి అంకె. రెండూ ఫోన్‌లో వస్తాయి.

అయితే మొదటిసారి ఎదురుగా చూడాలని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్తాను, ఇది నా తప్పు కథే. నాలుగేళ్ల కిందట తెనాలి వైపు నుంచి ఒక వాలీబాల్ ఆడే అమ్మాయి. పరీక్షలు దగ్గరపడ్డాయి, రాలేమన్నారు, రిపోర్టులు వాట్సాప్‌లో పంపారు. సరే అని నేరుగా వీడియోలోనే మొదలుపెట్టాను. మూడు వారాలు గడిచినా హద్దు ఒక్క అంకె కూడా జరగలేదు. పిల్ల ఏడుస్తోంది, నేను ఇంకా ఓపిక పట్టమంటున్నాను. చివరికి రప్పించి మెడ మీద చెయ్యి వేసి కుడివైపు తిప్పితే “ఇదే, ఇదే నొప్పి” అంది. తలనొప్పిలో సగం మెడది. తల అదిరినప్పుడు మెడ కూడా అదురుతుంది కదా. అప్పటికే పదేళ్ల సర్వీసుండీ అది మర్చిపోయాను. మెడకి వైద్యం మొదలుపెట్టాక రెండు వారాల్లో కదలిక వచ్చింది. 2014లో కెనడాలోని క్యాల్గరీలో కాథరిన్ ష్నైడర్ బృందం ఇలాంటి వాళ్ల మీదే పరిశోధన చేసింది. మెడకీ, కళ్లు తిరగడానికీ కలిపి వైద్యం చేసిన గుంపులో 73 శాతం మంది ఎనిమిది వారాల్లో ఆటకి తిరిగి వెళ్లడానికి అనుమతి పొందారు. రెండో గుంపులో 7 శాతమే. ఫోన్‌లో నేను మెడ ముట్టుకోలేను. కళ్లు దగ్గరికి వచ్చే వస్తువుని ఎలా పట్టుకుంటున్నాయో సరిగ్గా చూడలేను. పడుకుని లేచినప్పటి బీపీ, గుండె చప్పుడు కూడా ఎవరో ఒకరు ఎదురుగా చూడాలి. అందుకే ముందు ఒక న్యూరాలజిస్టు దగ్గరో, ఈ పని తెలిసిన ఫిజీషియన్ దగ్గరో చూపించి, వ్యాయామం చేయొచ్చని కాగితం మీద రాయించుకోండి. గుంటూరు దాటనక్కర్లేదు, ప్రయాణం చిన్నదైతే అంత మంచిది. ఉదయం ట్రాఫిక్ లేకముందే వెళ్లండి.

ఆ తర్వాత, నేను చేయించే కాల్ అయితే ఇంట్లో ఏం జరుగుతుందంటే, మొదటి కాల్‌కి మీరు పక్కనే ఉండాలి. ఫోన్‌ని కుర్చీకి ఆనించి దూరంగా పెట్టండి, వాడు స్క్రీన్ చూడక్కర్లేదు, నేను వాణ్ణి చూస్తే చాలు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి పల్స్ రాసుకుంటాం. చాలామంది ఇళ్లలో కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ డ్రాయర్‌లో పడి ఉంటుంది, బ్యాటరీలు మార్చి బయటికి తీయండి. ఆక్సిజన్ అంకెతో మనకి పని లేదు, పక్కనున్న పల్స్ అంకె కావాలి. నడుస్తుంటే అది తప్పు చూపిస్తుంది కాబట్టి ఒక్క క్షణం ఆగి వేలు కదపకుండా చూడాలి. చేతి గడియారాలూ పర్వాలేదు కానీ చెయ్యి ఊపుతుంటే ఒక్కోసారి అడుగుల లెక్కనే పల్స్ అనుకుంటాయి. ఛాతీకి కట్టే బెల్టు అన్నిటికన్నా నమ్మకమైనది. ఏదీ లేకపోతే మణికట్టు దగ్గర 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, మా అమ్మ తరం నర్సులు అలాగే చూసేవాళ్లు.

తర్వాత నిలబడిన చోటే అడుగులు, మెల్లగా వేగం పెంచుతూ. నిమిషానికొకసారి రెండు అంకెలు. తలనొప్పి మొదలుపెట్టినప్పటికన్నా 2 దాటి పెరిగినా, మొహం పాలిపోయినా, మాటలు తగ్గినా ఆపేస్తాను. ఇంట్లో పరీక్షని నేను ట్రెడ్‌మిల్ పరీక్షంత దూరం తోయను. పడితే పట్టుకునే చెయ్యి నాది కాదు కదా. పరీక్షే కుదరనివాళ్లకి వయసు లెక్క ఉంది. 220లోంచి 16 తీసేస్తే 204, అందులో 55 శాతం అంటే 112 చిల్లర. అక్కడి నుంచి మొదలుపెట్టి, బాగుంటే 70 శాతం, అంటే 143 దాకా మెల్లగా వెళ్లొచ్చు. ఈ రెండు మెట్లూ ఆమ్‌స్టర్‌డామ్ పత్రంలో ఉన్నవే.

వ్యాయామం మధ్యలో తలనొప్పి అసలు రాకూడదని కాదు. కాస్త పెరిగి, అది 2 అంకెలు మించకుండా, గంటలోపు దిగిపోతే ఫర్వాలేదు. దిగకపోతే మర్నాడు 5 నుంచి 10 అంకెల తక్కువ పల్స్‌తో చేయించాలి, మానేయించకూడదు. తల్లులు ఇక్కడే బెదిరిపోతారు.

ఇంకో మాట, కాస్త కటువుగా ఉంటుంది. మీరు రోజుకి ఎన్నిసార్లు “తలనొప్పి ఎలా ఉంది నాన్నా” అని అడుగుతున్నారు? గంటకోసారి అడిగితే వాడు గంటకోసారి తల లోపలికి వెళ్లి వెతుక్కుంటాడు. రోజుకి రెండుసార్లు చాలు, వ్యాయామం ముందు, తర్వాత. అది కూడా వాడే పుస్తకంలో రాసుకోవాలి. మీరు ఇన్‌స్పెక్టర్ అయితే వాడు దొంగ అవుతాడు. ఒక అబ్బాయి సెలక్షన్ మ్యాచ్ ఉందని రెండు వారాలు నాకు ‘1’ అనే చెప్పాడు. వీడియోలో కిటికీ వైపు తిరిగినప్పుడల్లా కళ్లు చికిలిస్తున్నాడు, దాంతో దొరికాడు. వాడికి తిట్లు పెట్టలేదు. 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రా టీ20లో జడేజా తలకి బంతి తగిలితే బదులుగా చాహల్ వచ్చి మూడు వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ అయ్యాడు కదా, జడేజా కెరీర్ ఏమైనా ఆగిపోయిందా అని అడిగాను. నవ్వి, నిజం అంకె 4 అన్నాడు.

మన ఊళ్ల ఎండ గురించి బఫెలో వాళ్లు రాయలేదు. అక్కడ మంచు. ఉక్కపోతలో అదే నడకకి పల్స్ ఇంకాస్త పైకి పోతుంది, నీళ్లు తక్కువైతే తలనొప్పి దానంతటదే వస్తుంది. అది కన్‌కషన్ అనుకుని కంగారు పడతారు. పొద్దున ఆరు లోపు డాబా మీద, లేదా ఫ్యాన్ కింద సైకిల్. తల ఎగరకుండా ఉంటుంది కాబట్టి నిలబెట్టిన సైకిల్ నాకు ఇష్టం. వాకింగ్‌కి స్టేడియానికి మాత్రం ఇప్పుడే తీసుకెళ్లొద్దు. తెలిసినవాళ్లు ఎదురై “ఏంట్రా తలకేమైందట” అని పదిమంది అడుగుతారు, వాడికి అదో టెన్షన్. ఖాళీ కడుపుతో చేయించకండి, ఒక అరటిపండు, గ్లాసుడు మజ్జిగ చాలు.

మాత్రల సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నా కన్ను అక్కడే పడింది. రోజూ పారాసెటమాల్ వేస్తున్నానన్నారు. నెలలో 15 రోజులు దాటి అలా మూడు నెలలు సాగితే ఆ మాత్రే కొత్త తలనొప్పిని తెస్తుంది. మీరింకా ఆ గీత దాటలేదు. డాక్టరుతో మాట్లాడి ఇప్పుడే తగ్గించుకోండి.

కాలేజీ విషయం నాకు చికిత్స కన్నా తలనొప్పి. పొద్దున్నే మొదలై రాత్రి స్టడీ అవర్ దాకా సాగే చోటికి వీణ్ణి ఒక్కసారిగా పంపితే మూడో రోజుకి మళ్లీ మంచమెక్కుతాడు. పూర్తిగా మాన్పించడమూ సరికాదు. ఆటకన్నా ముందు చదువు వెనక్కి రావాలి. డాక్టరు ఉత్తరంలో “విశ్రాంతి” అని మాత్రం రాయించకండి. పూట హాజరు, వీక్లీ టెస్టుల నుంచి కొన్నాళ్లు మినహాయింపు, 20 నిమిషాల చదువుకి ఐదు నిమిషాల విరామం, ముందు వరసలో కాకుండా ట్యూబ్‌లైట్ మొహాన కొట్టని చోట సీటు, ఇలా విడివిడిగా రాయించండి. “రెస్ట్” అని రాస్తే ప్రిన్సిపాల్‌కి ఇంటికి పంపడం ఒక్కటే తెలుస్తుంది. ఇలా రాస్తే ఏం చేయాలో తెలుస్తుంది, చాలామంది ఒప్పుకుంటారు కూడా.

క్రికెట్‌కి ఇంకా దూరం ఉంది. గట్టిగా పరిగెత్తినా ఏ బాధా లేకుండా, క్లాసులో రోజంతా కూర్చోగలిగాకే నెట్స్. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు, ఎదుటివాడు గుద్దుకునే అవకాశం ఉన్న ఆటకి ముందు డాక్టరు అనుమతి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే అది వేరే స్థాయి ప్రమాదం. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరు ఇన్‌స్పెక్టర్‌గానే ఉండండి. బైక్ కూడా ఇవ్వొద్దు.

మిమ్మల్ని పిలిచిన ఆ ఫిజియోథెరపిస్టు మంచివారో కాదో నేను చెప్పలేను, కానీ మూడు మాటలు అడిగి చూడండి. పల్స్ దేనితో కొలుస్తారు? కాల్ మధ్యలో వాడు కళ్లు తిరిగి పడితే మీరేం చేస్తారు? రెండు వారాల్లో మార్పు లేకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు? తడుముకోకుండా జవాబులు వస్తే మొదలుపెట్టండి. “అలా ఏం కాదమ్మా, నలభై సెషన్ల ప్యాకేజీ తీసుకోండి” అంటే ఫోన్ పెట్టేయండి. నా దగ్గర చాలామందికి ఆరు వారాల్లో తేలిపోతుంది. తేలకపోతే మెడో, కళ్లో, నిద్రో, మనసో ఇంకేదో అడ్డుపడుతోందని వెతుకుతాం. మనసు మాట వచ్చింది కాబట్టి, వాడు ఎవరితో మాట్లాడకపోవడం, “ఇంక నా వల్ల కాదు” అనడం విన్నారంటే దాన్ని తలనొప్పి ఖాతాలో వేయకండి. డాక్టరుకి అదే రోజు చెప్పండి, మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కూడా ఉంది.

రేపు పొద్దున గదిలో కర్టెన్ సగం తీయండి. స్నానం, టిఫిన్ హాల్లో. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి పల్స్ రాయండి, లేచి నిలబడ్డాక రెండు నిమిషాలకి ఇంకోసారి రాయండి. ఇంట్లోనే మెల్లగా ఐదు నిమిషాలు నడిచి, తల అంకె ముందెంత, తర్వాతెంతో వాణ్ణే రాయమనండి. అంతకుమించి డాక్టరు చూసేదాకా వద్దు. నాలుగు రోజుల అంకెలు ఆ కాగితం మీద ఉంటే చూసే డాక్టరుకి సగం పని తప్పుతుంది. చూపించాక ఏమన్నారో ఇక్కడే రాయండి, మెడ చూశారో లేదో అది కూడా రాయండి.